రెండుసార్లు మారిన పెదమావయ్య

పోయిన ఆదివారం ఆరాధన అయిపోయి చెప్పులు వెతుక్కుంటుంటే, మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. చిన్నపిల్ల. నేను రిటైరయ్యే ఏడు పదో తరగతి చదివిన పిల్లలకన్నా కాస్త పెద్దదేమో, అంతే. స్త్రీల సమాజంలో ఈసారి క్రైస్తవ జీవితంలో మార్పు, ఎదుగుదల అనే అంశం పెట్టుకున్నారట. "ఆంటీ, మీరు పెద్దవారు కదండీ. మీ కళ్లతో చూసిన మారిన మనిషి ఒకరి గురించి సాక్ష్యం చెప్పండి. ఐదు నిమిషాలు చాలు," అంది. జీవితమంతా పంతులమ్మగా బతికినదాన్ని, మాట్లాడమంటే కాదనడం నాకు చేతకాదు. సరేనని ఇంటికొచ్చి, వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ మా చుట్టాలందరినీ ఒకసారి మనసులో వరసగా నిలబెట్టి చూసుకున్నాను. మారినవాళ్లకు మా వాళ్లలో కొదవేం లేదు. సారా మానినవాళ్లు, చుట్ట మానినవాళ్లు, పేకాట మానినవాళ్లు, మానేశామని సాక్ష్యం చెప్పి మానకుండా పోయినవాళ్లు. అందరినీ తోసుకుని ముందుకొచ్చినవాడు పెదమావయ్య. చిక్కల్లా ఏమిటంటే ఆయన రెండుసార్లు మారాడు. మొదటి మార్పు ఐదు నిమిషాల్లో చక్కగా ఇముడుతుంది. అందులో పందిరి ఉంది, పాట ఉంది, కన్నీళ్లు ఉన్నాయి. రెండోదానిలో అలాంటివేమీ లేవు. సమాజంలో మొదటిదే చెబుతాను. రెండోదాన్ని ఇక్కడ రాసి పెడుతున్నాను.

మా అమ్మమ్మగారి ఊరు చిలకలూరిపేట నుంచి పర్చూరు వైపు పోయే దారిలో, కనుచూపు మేర నల్లరేగడి మధ్య ఉండేది. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. వానాకాలంలో బస్సు దిగి నడిస్తే చెప్పుల కింద మట్టి పొరలు పొరలుగా పేరుకుని, ఇల్లు చేరేసరికి అందరం జానెడు పొడుగు పెరిగేవాళ్లం. ఎండాకాలంలో అదే నేల నెర్రెలు విచ్చేది. అందులో బలపం పడితే ఇక దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. మా అమ్మకు ఒక అన్న, ఒక తమ్ముడు. పెదమావయ్య, చినమావయ్య. ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు, మధ్యలో ఒకటే వాకిలి, ఆ వాకిట్లో ఒకటే నీళ్ల గాబు. చేలు కూడా అంతే, ఒకే గట్టుకు అటూ ఇటూ. పెదమావయ్యకు ఎడ్లబండి ఉండేది. మిరపకాయల కాలంలో ఊళ్లోవాళ్ల బస్తాలు గుంటూరు యార్డుకు తోలేవాడు. గొంతు చాలా పెద్దది. ఆయన తన ఎడ్లను అదిలిస్తే పక్క వీధిలో కట్టేసిన ఎడ్లు కూడా లేచి నిలబడతాయని చినమావయ్య అనేవాడు. అన్నదమ్ములిద్దరూ కలిసే పని చేసేవారు, కలిసే రోడ్డు మీద సారా కొట్టుకు వెళ్లేవారు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని తిరిగొచ్చేవారు. తాగిన పెదమావయ్య పిల్లలకు దేవుడే. జేబులో ఉన్న బెల్లం ముక్కలన్నీ పంచేవాడు, తాటిముంజెలు కొట్టించి తెచ్చేవాడు, మా చేత పాటలు పాడించుకుని మధ్యలో నిద్రపోయేవాడు. అత్తయ్యకు మాత్రం దేవుడు కాదు. చెయ్యి చేసుకునేవాడు. మా ఇళ్లలో ఆ సంగతి ఎవరూ దాచేవారు కాదు, అలాగని ఎవరూ మాట్లాడేవారూ కాదు.

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో మా పేటవాళ్లు ఊరి బయట కళ్లంలో పందిరి వేసి సువార్త కూటాలు పెట్టారు. అప్పుడే ఆ కళ్లంలోంచి ఎండుమిరపకాయలు ఎత్తారు. నేలంతా ఎర్రటి ధూళి, గాలి వీస్తే ఘాటు. బోధకుడు చీరాల వైపు నుంచి వచ్చిన పెద్దాయన. వాక్యం చెబుతూ ప్రతి రెండు మాటలకూ తుమ్మాడు. కూటం చెడగొట్టడానికి పెదమావయ్య తాగి వచ్చాడు. ఈ మాట ఆయనే తర్వాత చాలా చోట్ల చెప్పాడు కాబట్టి నేను చెప్పినా తప్పులేదు. వచ్చి, వెనకాల గుంజకు ఆనుకుని నిలబడి, కేకలు వేయడానికి సందు కోసం చూస్తూ, కాసేపటికి గుంజ పట్టుకునే కింద కూర్చుండిపోయాడు. ఆ తర్వాత ఏడుపు. పెద్ద మనిషి, పెద్ద గొంతు. బోధకుడు మాట ఆపేయాల్సి వచ్చింది. "నేనింకా మిరపకాయ ఘాటనుకున్నానమ్మా, నీళ్లు తెచ్చి కళ్లు కడుక్కోమన్నా," అని అత్తయ్య చెప్పుకుని నవ్వేది. మర్నాటి నుంచి ఆయన సారా ముట్టలేదు. చుట్ట ముట్టలేదు. అత్తయ్య మీద చెయ్యెత్తలేదు. మేజరు కాలువలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన్ను నీళ్లలోంచి పైకి లేపడానికి మా సంఘం పాస్టరు అయ్యగారికి ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది. ఈ మార్పు నిజం. దాన్ని నేను తక్కువ చేయడం లేదు. తన్నులు ఆగిన ఆడమనిషిని అడిగితే అది ఎంత పెద్ద సంగతో చెబుతుంది.

అయితే ఆ గొంతు అలాగే ఉంది. ఎడ్లను అదిలించిన గొంతుతోనే ఇప్పుడు మనుషులను అదిలించడం మొదలుపెట్టాడు. కోడి కూయకముందే లేచి పాట ఎత్తుకునేవాడు. ఇంట్లోవాళ్లతో పాటు వీధి మొత్తం లేచి కూర్చునేది. రేడియో తీసుకెళ్లి ఎవరికో ఇచ్చేశాడు. కూతురి జడలో పూలు కనిపిస్తే తీసి గాబులో వేసేవాడు. ఆ కూతురు నాకు వదిన వరస, నాకంటే రెండేళ్లు పెద్ద. దాని పెళ్లిలో బ్యాండు మేళం వద్దని వెనక్కి పంపించి, అయ్యగారి ప్రసంగం అయ్యాక తనూ లేచి ఇంకో ప్రసంగం చేశాడు. లోక సంబంధమైన పెళ్లిళ్ల గురించి ఆయన చెబుతున్నంతసేపూ పెళ్లికొడుకు తలొంచుకుని కూర్చున్నాడు, వెనకాల అన్నం చల్లారిపోయింది. అయ్యగారి భార్య పట్టుచీర కట్టిందని సంఘం మధ్యలో నిలదీశాడు. క్రిస్మసుకు పిల్లలు నాటకం వేస్తామంటే గడ్డాలు, కిరీటాలు పట్టుకుపోయి పొయ్యిలో పెట్టాడు. అన్నిటికన్నా కష్టమైనది ఆయన పరామర్శ. ఎవరికి జబ్బు చేసినా వెళ్లి మంచం పక్కన కూర్చుని, ఏం పాపం చేశావో ఒప్పుకోమనేవాడు. చలిజ్వరంతో వణుకుతున్నవాళ్లు కూడా ఆయన గొంతు వీధి మలుపులో వినపడితే దుప్పటి కప్పుకుని గురకపెట్టేవాళ్లు. ఒకసారి సెలవులకు వెళ్లినప్పుడు అత్తయ్య నా తల దువ్వుతూ, చాలా మామూలుగా, బియ్యంలో రాళ్ల గురించి చెప్పినట్టు చెప్పింది: "తాగినప్పుడైతే తెల్లారేసరికి దిగేదమ్మా. ఇది దిగట్లా."

చినమావయ్య సారా మానలేదు. తగ్గించాడు గానీ మానలేదు. గుడికి క్రిస్మసు నాడు, ఈస్టరు నాడు వచ్చి, వెనకాల నిలబడి, అందరికంటే ముందు వెళ్లిపోయేవాడు. మాట కొంటె, మనిషి మెత్తన. అన్న బోధ మొదలుపెడితే, "నువ్వు పరలోకానికి పోయినాక నాకు కాస్త చోటు పట్టి పెట్టన్నయ్యా, బస్సులో తువ్వాలేసినట్టు," అని నవ్వేసేవాడు. పెదమావయ్యకు ఆ నవ్వే పడలేదు. ఒక రోజు చేలోంచి తుమ్మకంప కొట్టుకొచ్చి వాకిలి మధ్యలో అడ్డంగా దడి కట్టేశాడు. గాబు పెదమావయ్య వైపు పడింది. తాగుబోతు వాసన తన ఇంటి మీదికి రాకూడదన్నాడు. చినమావయ్య ఆ రోజు మాత్రం నవ్వలేదట. చిన్నత్తయ్య వీధి చుట్టూ తిరిగొచ్చి నీళ్లు ముంచుకెళ్లేది. బావగారి ఎదుట నిలబడి మాట్లాడటం ఆవిడకు అలవాటు లేదు. తలుపు చాటు నుంచి "ఆఁ", "ఊఁ" అనడమే.

నేను గుంటూరులో హాస్టల్లో ఉండి టీచర్ ట్రైనింగ్ చదివే రోజుల్లో, వానలు వెనకబట్టే కాలంలో, చినమావయ్యను అక్కడి పెద్దాసుపత్రిలో చేర్పించారని కబురొచ్చింది. పత్తికి పురుగుమందు కొడుతూ చేలోనే పడిపోయాడట. నేను వెళ్లేసరికి స్పృహ వచ్చింది గానీ ఊపిరి ఆడటం కష్టంగా ఉంది, నోటి వెంట చొంగ, చేతులు వణుకు. చిన్నత్తయ్య మంచం పట్టె పట్టుకుని కింద కూర్చుని ఉంది. ఆమె చీర నుంచి కూడా మందు వాసనే. పెదమావయ్య అప్పటికి వేటపాలెం వైపు ఏవో కూటాలకు వెళ్లి ఉన్నాడు. ఆయనకు కబురు ఆలస్యంగా అందింది. అందిన వెంటనే బస్సెక్కి నేరుగా ఆసుపత్రికే వచ్చాడు. తెల్ల లాల్చీ, తెల్ల పంచె, చంకలో సంచి. తమ్ముడి కాళ్ల దగ్గర నిలబడి, ఎలా ఉందని కూడా అడగకుండా అందుకున్నాడు.

"చూశావా తమ్ముడూ. దేవుడు నిన్ను ఎన్నిసార్లు పిలిచాడు? ఇన్నావా? తాగి తాగి ఒళ్లు గుల్ల చేసుకున్నావు. ఇది ఆయన కొట్టిన దెబ్బ. ఇప్పుడైనా ఒప్పుకోరా."

వార్డంతా ఇటు తిరిగింది. చినమావయ్య మాట్లాడే స్థితిలో లేడు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అప్పుడు చిన్నత్తయ్య లేచి నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయింది.

"బావగారూ, ఈయన తాగి పడిపోలేదండీ. మందు కొడతా పడిపోయాడు."

"తెలుసులేమ్మా. తాగిన ఒంటితో మందు కొడితే..."

"మీ చేలోనండీ," అంది ఆమె. "మీరు కూటాలకు ఎల్లారు. మీ పత్తికి పురుగు పట్టింది. అన్నయ్య వచ్చేదాకా ఆగితే ఒక్క కాయ మిగలదని, మా చేను అవగానే డబ్బా తగిలించుకుని మీ దాంట్లో దిగాడు. గాలి ఎదురు తిరిగింది. పొద్దుటి నుంచి చుక్క ముట్టలేదండీ. నేను పక్కనే నీళ్లు మోస్తన్నా, నాకు తెలవదా?"

పెదమావయ్య నోరు కొంచెం తెరిచి ఉంది. ఆయనకు మాట దొరకకపోవడం నేను చూడటం అదే మొదలు. సంచి మంచం కింద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. ఇప్పుడు మోకాళ్ల మీద పడి పెద్ద ప్రార్థన చేస్తాడనీ, వార్డులో వాళ్లంతా మళ్లీ ఇటు చూస్తారనీ నేను సిద్ధపడ్డాను. ఆయన తిరిగొచ్చాడు. లాల్చీ చేతులు పైకి మడిచాడు. వంగి, తమ్ముడి మంచం కింద ఉన్న ఉచ్చపాత్ర తీసుకుని దొడ్డి వైపు నడిచాడు. అంతే.

చినమావయ్యను ఇంటికి పంపేదాకా ఆయన అక్కడే ఉన్నాడు. చిన్నత్తయ్యను ఊరికి పంపి, వరండాలో గోనె పరుచుకుని పడుకునేవాడు. తమ్ముడి ఒళ్లు తుడవడం, బట్టలు ఉతికి పిట్టగోడ మీద ఆరేయడం, జావ పట్టించడం. చినమావయ్య జావ తాగేవాడు గానీ మొహం చూసేవాడు కాదు. క్లాసులు అయ్యాక నేను క్యారియరు తీసుకెళ్లేదాన్ని. పక్క మంచం మీద చీమకుర్తి క్వారీలో రాయి పడి కాలు నలిగిన కూలీ ఒకడుండేవాడు. ఎక్కడి నుంచో వలస వచ్చినవాడు, వెనకాముందూ ఎవరూ లేరు. నొప్పి వచ్చినప్పుడల్లా దేవుళ్లందరినీ పేరుపేరునా తిట్టేవాడు, మా దేవుణ్ణి కూడా వదిలిపెట్టకుండా. నేను మావయ్య వైపు చూశాను. పాత మావయ్య అయితే ఆ వార్డు కప్పు ఎగిరిపోవాలి. ఆయన లేచి బయటికి వెళ్లి గ్లాసుతో టీ తెచ్చి అతని చేతికిచ్చాడు. అతను తాగి, ఈయన తెల్ల బట్టలు ఎగాదిగా చూసి, "అయ్యగారా మీరు?" అన్నాడు. "కాదు బాబూ, బండి తోలుకుంటా," అన్నాడు మావయ్య.

చినమావయ్య బతికాడు, కానీ మునుపటి మనిషి కాలేదు. నాలుగడుగులు నడిస్తే ఆయాసం, చేతుల్లో వణుకు. నాగలి పట్టడం, డబ్బా మోయడం ఇక కుదరదని డాక్టరు చెప్పాడు. ఊరికి తీసుకొచ్చిన రోజున పెదమావయ్య తమ్ముణ్ణి బండి దింపి, కత్తి తీసుకుని వాకిలి మధ్య కంప కొట్టేశాడు. చేతులు గీరుకుపోయి నెత్తురు కారుతుంటే అత్తయ్య గుడ్డ తెచ్చింది. చినమావయ్య అరుగు మీద కూర్చుని చూశాడు. చూసి, గుంజకు కట్టేసిన మేకతో అన్నాడు: "కంప తీసినంత సులువా ఏందే, అనిన మాట తీయటం?"

అప్పటి నుంచి ఇది ఒక పద్ధతిగా సాగింది. పెదమావయ్య రెండు చేలూ దున్నాడు, రెండు చేలకూ పాట్లు పడ్డాడు. తమ్ముడి చేను ముందు, తనది తర్వాత. చినమావయ్య కర్ర పట్టుకుని మెల్లగా వెళ్లి గట్టు మీద కూర్చునేవాడు. అన్నతో నేరుగా ఒక్క మాట లేదు. చెప్పాల్సినవన్నీ భార్యకో, ఎడ్లకో, గట్టు మీద కాకికో చెప్పేవాడు. "ఆ సాలు వంకర పోతంది, కళ్లు పరలోకంలో పెట్టుకుని దున్నితే అట్టానే ఉంటదని చెప్పవే." పెదమావయ్య దవడ బిగిసేది, మెడ నరాలు లేచేవి. మాట గొంతు దాకా వచ్చి వెనక్కి వెళ్లడం గట్టు మీద నుంచే కనపడేదట. సాలు సరిచేసి ముందుకు పోయేవాడు. ఇది ఒక వారమో నెలో కాదు. పత్తి తీశారు, మిరపకాయలు కోశారు, మళ్లీ వానలొచ్చాయి, అప్పటికీ అలాగే నడుస్తోంది. ఊళ్లో కొందరికి ఇది వినోదం. చినమావయ్య ఏమంటాడో విందామని పని మానుకుని గట్టు మీద కూర్చున్నవాళ్లు కూడా ఉన్నారు.

అలాగని ఆయన ఒక్కసారిగా గొర్రెపిల్ల అయిపోయాడని ఎవరూ అనుకోవద్దు. ఆ క్రిస్మసుకు మా వదిన మొగుడు అత్తారింటికి తాగి వచ్చాడు. పాత గొంతు లేచింది, చెయ్యి కూడా లేచింది. అల్లుణ్ణి చెంప మీద కొట్టి పంపేశాడు. వదిన ఏడుస్తూ మొగుడి వెంట వెళ్లిపోయింది. ఇంతకుముందైతే అది పరిశుద్ధమైన కోపమని సంఘంలో సాక్ష్యం చెప్పేవాడు. ఈసారి తెల్లవారగానే పంచె మార్చుకుని అల్లుడి ఊరు బస్సెక్కాడు. మామగారు వీధిలోకి వస్తున్నాడని విని అల్లుడు, మిగిలిన దెబ్బలు కొట్టడానికి వస్తున్నాడనుకుని పశువుల కొట్టంలో గడ్డి వెనకాల దాక్కున్నాడట. మావయ్య కొట్టం గుమ్మంలో నిలబడి గడ్డితో మాట్లాడినట్టే మాట్లాడాడు. "తప్పయింది అల్లుడూ. నీ తాగుడు సంగతి నువ్వూ దేవుడూ చూసుకోండి. నేను చెయ్యి చేసుకున్నది మటుకు తప్పు." వదిన నాకీ సంగతి చెబుతూ, "మా నాన్న నోటి నుంచి ఆ మాట ఇంటాననుకోలా నేను. మా ఆయనకన్నా నాకే ఎక్కువ భయమేసింది," అంది. వెళ్లేటప్పుడు ఆయన సంచిలోంచి కనకాంబరాల దండ తీసి కూతురి చేతిలో పెట్టాడట. బస్టాండులో కొన్నట్టుంది, సగం వాడిపోయి ఉందంది.

ఇంకో సంగతి నెమ్మదిగా బయటపడింది. మా సంఘంలో నెలకొకసారి ప్రభువు బల్ల ఇస్తారు. పెదమావయ్య ఇదివరకు అందరికంటే ముందు వరసలో నిలబడేవాడు, వెనక వచ్చేవాళ్లలో ఎవరు యోగ్యులో ఎవరు కాదో కూడా చూసేవాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన ముందుకు లేవడం లేదు. వెనక గోడ దగ్గర, ఒకప్పుడు తమ్ముడు నిలబడే చోట కూర్చుని, రొట్టె, ద్రాక్షరసం పంచుతుంటే తల దించుకునేవాడు. మొదట ఎవరూ గమనించలేదు. తర్వాత అయ్యగారు ఇంటికొచ్చి అడిగారు. "తమ్ముడికి నా మీద మనసు ఇరిగిపోయిందండీ. అది అతక్కుండా ఆ బల్ల దగ్గరికి ఏ మొహంతో రాను?" అన్నాడట. అయ్యగారు చినమావయ్యతో మాట్లాడబోతే పెదమావయ్యే వద్దన్నాడు. అడిగి ఇప్పించుకునేది కాదన్నాడు.

కానీ గోడలకు చెవులు లేకపోయినా చిన్నత్తయ్యకు ఉన్నాయి. ఆ వేసవిలో నేను సెలవులకు అక్కడే ఉన్నాను. ఆదివారం మధ్యాహ్నం. పెదమావయ్య గుడి నుంచి వచ్చి గాబు దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. అత్తయ్యా నేనూ నీడలో కూర్చుని గోంగూర ఒలుస్తున్నాం. చినమావయ్య కర్ర టకటకలాడించుకుంటూ వాకిలి దాటి వచ్చాడు. ఆయాసంతో రొప్పుతున్నాడు. మేక లేదు, కాకి లేదు, ఎడ్లు లేవు. అన్న ఎదురుగా నిలబడ్డాడు.

"ఏందన్నయ్యా, నా మూలాన బల్ల తీసుకోవటం లేదంట నువ్వు?"

పెదమావయ్య చెంబు గాబు అంచు మీద పెట్టాడు. ఏడాది పైనే అయింది ఆ గొంతు తనను అన్నయ్యా అని పిలిచి.

"చెప్పు. నేను తాగిన పాపం నాకు చాలు. నా ఊపిరి పోయిందే చాలు. ఇప్పుడు నువ్వు బల్ల తీసుకోని పాపం కూడా నా నెత్తినే చుడతావా? పైకి పోయాక ఆయన నన్నడిగితే నేనేం చెప్పుకోను?"

"తమ్ముడూ..." అన్నాడు పెదమావయ్య. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో, గాబులోంచి వచ్చినట్టుంది. "ఆసుపత్రిలో నేనన్న మాట..."

"అన్నావు. ఇన్నా. ఎన్ని జావలు పట్టినా అది లోపల్నించి పోలా, నిజమే చెబుతున్నా." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "ఇంకా మొత్తం పోలేదు. అయినా మాట్లాడా కదా. ఇదిగో మాట్లాడా. ఫో, వచ్చే నెల ముందుకు పోయి తీసుకో. ఆ సాలు కూడా కాస్త తిన్నగా తోలు."

అత్తయ్య గోంగూర మీదికి వంగిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. ఎవరూ కౌగిలించుకోలేదు, ఎవరూ స్తోత్రం అనలేదు. పెదమావయ్య చెంబుతో నీళ్లు ముంచి తమ్ముడికి ఇచ్చాడు. వణికే చేతుల్లో సగం ఒలికిపోయాయి. చెంబు అడుగున ఆయన చెయ్యి పట్టాడు.

ఆ తర్వాత రోజులు మంచివేం కాదు. ఆ దశాబ్దం మధ్యలో పత్తికి తెల్లదోమ పట్టి, ఎన్ని మందులు కొట్టినా చావక, చేలకు చేలు నల్లగా మసి పట్టిపోయాయి. మావయ్యలవి రెండూ పోయాయి. ఊళ్లో ఒక పెద్ద రైతు, మా వాళ్లకు ఎన్నో ఏళ్లుగా పని ఇచ్చిన మనిషి, పురుగుకు తెచ్చిన మందే తాగి పోయాడు. సంఘంలో ఒకరిద్దరు ఇది విగ్రహారాధకుల మీద దేవుని ఉగ్రత అనబోయి, సాయం కోసం పెదమావయ్య వైపు చూశారు. ఈ బోధ వాళ్లకు నేర్పింది ఆయనే మరి. "మన చేలు కూడా పోయినయ్ కదయ్యా," అన్నాడు ఆయన. తర్వాత ఆ రైతు ఇంటికి వెళ్లి, వాళ్ల వాకిట్లో ఒక పక్కగా రోజంతా కూర్చున్నాడు. ప్రార్థన చేయలేదు, ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు కూడా. వాళ్ల పశువులకు మేత వేసేవాళ్లు లేకపోతే లేచి వేశాడు. పాలు పితికి ఆడవాళ్లకు ఇచ్చాడు. పొద్దుగూకాక ఇంటికొచ్చి అన్నం వద్దని పడుకున్నాడు. తర్వాత కూడా చాలా రోజులు వెళ్లాడని అత్తయ్య చెప్పింది. జబ్బు చేసినవాళ్ల ఇళ్లకూ వెళ్లేవాడు, కానీ ఇప్పుడు ఎవరూ గురక పెట్టేవారు కాదు. కొందరు పిలిపించుకునేవారు కూడా. వెళ్లి మంచం పక్కన కూర్చుని వానల గురించి, ఎడ్ల గురించి మాట్లాడేవాడు. లేచేటప్పుడు అడిగితే ప్రార్థన చేసేవాడు, అదీ రెండు మూడు మాటల్లో. ఒకప్పుడు ఆయన ప్రార్థన చేస్తే పిల్లలు నిద్రపోయి లేచేవాళ్లు. ఇప్పుడు కళ్లు మూసుకునేలోపే ఆమెన్ అంటున్నాడని సంఘంలో ఒక గొణుగుడు కూడా బయల్దేరింది. భక్తి తగ్గిందని కొందరు, వయసు మీద పడిందని కొందరు అన్నారు. తెల్లవారుజామున పాట పాడటం మాత్రం మానలేదు. లోపల్లోపల పాడుకునేవాడు, పక్కింటి చినమావయ్యే "కాస్త గట్టిగా పాడరాదూ, లేవాలి నేను," అని కేకేసేవాడు.

చినమావయ్య ఇంకొన్నేళ్లు బతికి, అదే ఆయాసంతో పోయాడు. చివరి దాకా పండగలకే గుడికి వచ్చాడు, చివరి దాకా అన్నను ఆటపట్టించాడు. ఆయన రక్షణ పొందాడా లేదా అని సంఘంలో ఎవరో అడిగితే పెదమావయ్య, "అది అడగాల్సింది నన్ను కాదు," అన్నాడట. పెదమావయ్య మరికొన్నాళ్లకు, పత్తి తీతల కాలంలో, అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెళ్లిపోయాడు. జ్ఞాపకార్థ కూటానికి చుట్టుపక్కల సంఘాల నుంచి అయ్యగార్లు చాలామంది వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు లేచి, మిరప కళ్లంలో తాగి వచ్చిన మనిషిని దేవుడు ఒక్క గంటలో ఎలా మార్చాడో చెప్పారు. బాగా చెప్పారు. జనం కళ్లు తుడుచుకున్నారు. రెండో సంగతి ఎవరూ ఎత్తలేదు. దాన్ని చూసినవాళ్లలో చాలామంది అప్పటికే లేరు. ఉన్నవాళ్లకు కూడా అది చెప్పుకోదగ్గ సంగతిగా తోచినట్టు లేదు.

అందరూ వెళ్లాక అత్తయ్యను అడిగాను, మావయ్య నిజంగా మెత్తబడింది ఎప్పుడత్తయ్యా, ఆసుపత్రిలోనా, బల్ల మానుకున్నప్పుడా, ఆ తెల్లదోమ ఏడా అని. ఆవిడ చుడుతున్న చాప పక్కన పెట్టింది. "ఏమోనమ్మా. రోజూ కూడు పెడతానే ఉన్నా, మొహం చూస్తానే ఉన్నా. ఒక రోజు చూస్తే ఇంట్లో కేకల్లేవు. ఎన్నాళ్ల నుంచి లేవో నాకే తెలియలా," అంది. నేనూ ఆ ఏళ్లన్నీ ఆ వాకిట్లోకి వస్తూ పోతూ ఉన్నదాన్నే. ఫలానా నాడు అని చూపించగలిగిన రోజు నా దగ్గరా ఒక్కటీ లేదు. ఒక మనిషిలో అసలైన పని జరుగుతున్నంతసేపూ మాకు మటుకు అవి మామూలు రోజుల్లాగే గడిచిపోయాయి.